ఒళ్లు తెలిసిన గీత

బాపు బొమ్మల మీద మనవాళ్లు రాసిన వ్యాసాలు ఎన్ని తిరగేసినా రెండు మాటలు తప్పకుండా ఎదురవుతాయి. ఒకటి "భగవద్దత్తమైన గీత". రెండోది "అచ్చ తెలుగు గీత". మొదటి మాట ఆయన పడిన శ్రమను దాచేస్తుంది. రెండో మాట ఆ శ్రమ జరిగిన ఊరిని దాచేస్తుంది. 2014 ఆగస్టు 31న ఆయన చెన్నైలో కన్నుమూశాక వచ్చిన నివాళుల్లో ఈ రెండు మాటలూ మరింత గట్టిపడ్డాయి. పోయినవారిని పొగడటం మన మర్యాద, కాదనను. కాని పొగడ్త వేరు, విమర్శ వేరు. బాపును దేవుడి పటంలా గోడకు తగిలించి దణ్ణం పెట్టడం కన్నా, బల్ల ముందు కూర్చున్న పనివాడిగా చూడటమే ఆయనకు ఎక్కువ గౌరవమని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో చేయబోయేది అదే.

ఈ మాట అనడానికి నాకున్న అర్హత ఏమిటని పాఠకులు అడగవచ్చు. నేను చిత్రకారుణ్ణి కాను. మాది హోసూరు. బెంగుళూరులో అవెన్యూ రోడ్డు వెనక సందులో ఒక బ్లాకుల దుకాణంలో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. ఎనభైల్లో ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చి మా దుకాణం మూతపడేదాకా నా పని ఇతరులు గీసిన గీతను జింకు రేకు మీదికి ఎక్కించడం. ఆ పని ఇప్పుడు లేదు కనుక రెండు మాటల్లో చెబుతాను. అసలు విషయానికి అది అవసరం.

అప్పట్లో పత్రికలో బొమ్మ అచ్చు కావాలంటే దానికి బ్లాకు చేయించాలి. చిత్రకారుడు తెల్ల కాగితం మీద నల్ల సిరాతో, అచ్చులో రావలసిన దానికన్నా పెద్దదిగా బొమ్మ వేసి ఇస్తాడు. దాన్ని పెద్ద కెమెరాతో చిన్నది చేసి నెగటివు తీస్తాం. ఆ నెగటివును మందు పూసిన జింకు రేకు మీద పెట్టి వెలుతురు పట్టించి, తరవాత ఆ రేకును నైట్రిక్ ఆసిడ్‌లో వేస్తే, గీత లేని చోటంతా కరిగిపోయి గీత మాత్రం మిట్టగా నిలుస్తుంది. రేకును చెక్కదిమ్మకు కొట్టి, సీసపు అక్షరాల ఎత్తుకు సరిచేసి అచ్చుకు పంపుతాం. ఫోటోలకు వేరే చుక్కల బ్లాకు ఉండేది. దానికి ఖర్చెక్కువ, నున్నటి కాగితం కావాలి. చిన్న పత్రికలకు లైన్ బ్లాకే గతి. లైన్ బ్లాకులో బూడిదరంగు లేదు. ఉన్నది నలుపు, తెలుపు, అంతే. నీడలు దిద్ది ఒళ్లు గుండ్రంగా చూపించే వీల్లేదు. గీతలు దగ్గర దగ్గరగా గీస్తే సిరా పట్టి ముద్దవుతాయి. మరీ సన్నటి గీతను ఆసిడ్ తినేస్తుంది.

అందుచేత నీడ లేకుండా, రంగు లేకుండా, ఒట్టి అంచుగీతతో మనిషి బరువు చూపించవలసి వచ్చేది. ఒళ్లు తెలిసినవాడికి అది సాధ్యం. తెలియనివాడు గీత మీద గీత గీసి తప్పించుకోజూసేవాడు, వాడి గుట్టు ఆసిడ్ తొట్టిలో బయటపడేది. బాపు బొమ్మల బ్లాకులు మద్రాసులో తయారయ్యేవి, నా చేతి మీదుగా పోలేదు. కాని ఆంధ్రపత్రిక వారపత్రికలో అచ్చయిన ఆయన బొమ్మలను భూతద్దం పెట్టి చూడటం నాకు వృత్తిరీత్యా అబ్బిన అలవాటు. ముతక కాగితం మీద కూడా ఆ గీత చెదరలేదు. ఎక్కడ లావు కావాలో అక్కడ లావు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది. కూర్చున్న మనిషి తొడ కింద గీత లావవుతుంది, ఎందుకంటే బరువు అక్కడుంది. లేపిన చేతి మీద సన్నబడుతుంది, ఎందుకంటే అక్కడ బరువు లేదు. ఇది వరం కాదు. మనిషి ఒంటిని చూసి చూసి, గీసి గీసి సంపాదించిన జ్ఞానం. డ్రాయింగు మాస్టార్లు ఫిగర్ డ్రాయింగు అనేది దీన్నే.

వ్యంగ్యచిత్రమంటే ముక్కు సాగదీయడం, పళ్లు బయట పెట్టడం అని సామాన్యంగా అనుకుంటారు. కారికేచర్ అన్న మాటకు మూలం ఇటాలియన్ భాషలో "బరువెక్కించడం" అనే క్రియ. బండికి బరువెక్కించాలంటే ఇరుసు ఎక్కడుందో తెలియాలి. తెలియకుండా ఎక్కిస్తే బండి బోర్లా పడుతుంది. వ్యంగ్యచిత్రంలో ఇరుసు ముఖంలో లేదు, వెన్నెముకలో ఉంది. నమ్మకం కుదరకపోతే పాఠకులు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. బాపు కార్టూను ఏదైనా ముందు పెట్టుకొని, అందులోని మనుషుల ముఖాలను బొటనవేలితో మూసి చూడండి. ఎవరు కసురుతున్నారు, ఎవరు పడుతున్నారు, ఎవరు అబద్ధమాడుతున్నారు అన్నది భుజాలను బట్టి, నడుమును బట్టి, పాదాలను బట్టి తెలిసిపోతుంది. అదే పరీక్ష ఆయనను అనుకరించేవారి బొమ్మల మీద చేసి చూడండి. ముఖం మూయగానే అక్కడ మిగిలేది కొయ్యకు తొడిగిన చొక్కా.

బుడుగునే తీసుకుందాం. ముళ్లపూడి వెంకటరమణ గారి మాటల్లో ఆ పిల్లవాడు ఎంత ఉన్నాడో బాపు గీతలోనూ అంతే ఉన్నాడు. పిల్లలను గీయడం చేతకానివారు చిన్న సైజు పెద్దమనిషిని గీసి ఊరుకుంటారు. పెద్దవాడి ఎత్తు అతని తలకు దాదాపు ఏడున్నర రెట్లుంటే, చిన్నపిల్లవాడిది అయిదారు రెట్లే. మన శిల్పశాస్త్రంలో తాళమానం అన్న పేరుతో ఉన్నది ఈ లెక్కే. దేవుడికో తాళం, మనిషికో తాళం, శిశువుకో తాళం. కార్టూనిస్టు ఆ లెక్కను ఇంకా కుదించి తల పెద్దది చేస్తాడు. కాని తల పెంచినంత మాత్రాన పిల్లవాడు కాడు. పిల్లవాడు నిలబడేటప్పుడు పొట్ట ముందుకొస్తుంది, నడుం లోపలికి పోతుంది, పాదాలు ఎడంగా పడతాయి. బాపు పిల్లలు అలా నిలబడతారు. అందుకే వాళ్లు పెద్దవాళ్ల మాటలు మాట్లాడినా మనకు పిల్లలుగానే కనిపిస్తారు. బుడుగులోని హాస్యమంతా పెద్దరికం మాటలకూ పసితనపు ఒంటికీ మధ్య ఉన్న ఎడంలో పుట్టింది. సగం రమణ గారిదైతే సగం బాపుది.

పెద్దవాళ్ల సంగతీ అంతే. చంకన బిందె పెట్టుకున్న మనిషి ఒళ్లు రెండో పక్కకు వంగాలి, ఖాళీ చెయ్యి కొంచెం దూరంగా ఊగాలి. పడక కుర్చీలో వాలినవాడి వెన్ను విల్లులా వంగి గడ్డం గుండెకు దగ్గరవ్వాలి. పంచె కింద మోకాలు ఎక్కడుందో గుడ్డ మడత చెప్పాలి. నేనిక్కడ వర్ణిస్తున్నది అందాన్ని కాదు, భౌతికశాస్త్రాన్ని. బాపు ఈ శాస్త్రం తప్పిన చోటు నాకు అరుదుగా కనిపించింది.

ఇది ఆయన ఎక్కడ నేర్చారు? 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టినా ఆయన పెరిగింది మద్రాసులో. మైలాపూరు పి.ఎస్. హైస్కూల్లో చదివారు. రమణ గారితో స్నేహం అక్కడిదే. 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా పుచ్చుకున్నారు. అదే ఊళ్లో 1850లో పెట్టిన ఆర్టు స్కూలు ఉంది. 1929 నుంచి 1957 దాకా దేవీప్రసాద్ రాయ్‌చౌధురి దానికి ప్రిన్సిపాలు. మెరీనాలో బండరాయిని కదిలిస్తున్న కూలీల శిల్పం ఆయనదే. బాపు ఆ స్కూలు విద్యార్థి కాదు. మనిషిని ఎదురుగా నిలబెట్టి గీయించే తరగతి ఆయనకు దొరకలేదు. ఆ లోటును రెండు తీర్చాయని ఆయన బొమ్మలు చూస్తే తెలుస్తుంది. ఒకటి ఊరు: కపాలీశ్వరుడి కోనేటి మెట్ల మీది జనం, ట్రాములు, బస్సులు, పెళ్లిపందిళ్లు. రెండోది అచ్చులో వచ్చిన మరొక చిత్రకారుడి పని. ఆయన పేరు గోపులు.

తంజావూరులో 1924లో పుట్టి, కుంభకోణం ఆర్టు స్కూల్లో చదివి, ఆనంద వికటన్‌లో మాలి దగ్గర పని నేర్చుకున్న గోపులును బాపు తన గురువుగా చెప్పుకున్నారు. మనవాళ్లు ఈ మాటను ఒక వాక్యంలో ముగించి ముందుకు పోతారు. నేను కొంచెం ఆగుతాను. కొత్తమంగళం సుబ్బు రాసిన "తిల్లానా మోహనాంబాళ్" సీరియల్‌కు గోపులు వేసిన బొమ్మల్లో నాదస్వర విద్వాంసుడు ఒట్టి అందగాడు కాడు. ఊపిరి బిగబట్టే మనిషి, ఛాతీతో బతికే మనిషి. సావి రాసిన "వాషింగ్టనిల్ తిరుమణం" అమెరికాలో తంజావూరు పెళ్లి చేస్తే ఎలా ఉంటుందన్న హాస్యం. అందులో శాస్త్రులవారి ఒళ్లూ దొరసాని ఒళ్లూ ఒకే బొమ్మలో ఇమడాలి. గోపులు ఇమిడ్చారు.

హోసూరులో మా పొరుగింటివారు చదవడం అయ్యాక ఆనంద వికటన్ మా ఇంటికి వచ్చేది. మా అమ్మకు తమిళ అక్షరాలు రావు. బొమ్మలు చూసి మాకు కథ చెప్పేది. తరవాత ఎవరైనా చదివి వినిపిస్తే ఆమె చెప్పిన కథ చాలావరకు సరిపోయేది. ఆ వయసులో నాకది వింతగా తోచలేదు. మూడు భాషల మధ్య బతికే ఇళ్లలో మనుషుల ఒళ్లు చదవడం మాట కన్నా ముందు వచ్చే విద్య. ఇది మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఈ సందర్భంలో మా కర్ణాటక వైపు నుంచి మరొకరిని తలుచుకోవాలి. ఆర్.కె. లక్ష్మణ్ మైసూరులో 1921లో తమిళ కుటుంబంలో పుట్టారు. మొదట్లో డాక్టర్ శివరాం కన్నడంలో నడిపిన హాస్యపత్రిక "కొరవంజి"కి బొమ్మలు వేశారు. బొంబాయిలో టైమ్స్ ఆఫ్ ఇండియాలో అర్ధశతాబ్దం ఇంగ్లీషులో కార్టూన్లు గీశారు. చిన్నప్పుడు కిటికీలోంచి కనిపించే ఎండు కొమ్మలు, కట్టెలు కొట్టే పనివాడు, ఇంటికప్పు మీద రకరకాలుగా వాలిన కాకులు – వీటినే గీస్తూ కూర్చునేవాడినని ఆయన ఆత్మకథలో చెప్పుకున్నారు. బొంబాయి జె.జె. ఆర్టు స్కూలుకు దరఖాస్తు పెడితే తగిన ప్రతిభ లేదని తిప్పి పంపారు. చేర్చుకోని స్కూలు నేర్పవలసిన పాఠం ఆ కట్టెలు కొట్టేవాడు అప్పటికే నేర్పాడు. గొడ్డలి ఎత్తినప్పుడు బరువు ఏ కాలి మీద ఉంటుందో తెలిసినవాడికి మంత్రిగారి కుర్చీ కింద నేల కదిలినప్పుడు మంత్రిగారు ఏ పక్కకు తూలతారో తెలుస్తుంది. గళ్ల కోటు తొడుక్కున్న ఆయన సామాన్యుడు 1951 నుంచి నోరు విప్పకుండా నిలబడ్డాడు. మాట లేని పాత్ర అన్నేళ్లు నిలవాలంటే నిలబడటంలోనే అర్థం ఉండాలి.

మళ్లీ బాపు దగ్గరికి వస్తాను. ఆయన వృత్తిజీవితాన్ని తీరిక ఉన్న కళాకారుడి జీవితంగా ఊహించుకుంటే పొరపాటు. వారపత్రికకు వారం వారం కథల బొమ్మలు, కార్టూన్లు కావాలి. వాటితో పాటు నవలలకు ముఖచిత్రాలు. జె. వాల్టర్ థాంప్సన్ వంటి ప్రకటనల సంస్థలో కొలువు. ప్రకటనల బొమ్మలో చెయ్యి పొట్టిదైతే సరుకు అమ్మేవాడు ఊరుకోడు. వెక్కిరింపుకు స్వేచ్ఛ ఉన్న కార్టూనూ, కొలత తప్పరాని ప్రకటన బొమ్మా ఒకే చేత్తో వేయవలసి రావడం కంటే మంచి శిక్షణ ఆర్టు స్కూల్లో మాత్రం ఏముంటుంది? 1967లో "సాక్షి"తో సినిమాల్లోకి వెళ్లాక కూడా ఆ బల్ల వదలలేదు. షాటుకో బొమ్మ ముందే వేసుకొని సెట్టు మీదికి వెళ్లేవారన్నది అందరూ ఎరిగినదే. 1975 నాటి "ముత్యాల ముగ్గు"లో రావు గోపాలరావు కాంట్రాక్టరు ఇప్పటికీ ఎందుకు గుర్తున్నాడు? మాటలు రమణ గారివి, నిజమే. కాని ఆ మనిషి కూర్చునే తీరు, తాపీగా మెడ తిప్పే తీరు చూస్తే నటుడిని బాపు ఎలా చూశారో అర్థమవుతుంది. కార్టూనిస్టు చూసే చూపది.

ఇక నాకు పేచీ ఉన్న చోటికి వస్తాను.

"బాపు బొమ్మ" అన్న మాట ఇప్పుడు చిత్రాన్ని సూచించడం మానేసి ఆడపిల్లను సూచిస్తోంది. వాలుజడ, చేరడేసి కళ్లు, సన్నని నడుం, ఒక పక్కకు ఒదిగిన భంగిమ. కథల బొమ్మల్లో, కాలెండర్లలో, పురాణ చిత్రాల్లో ఆయన ఈ అమ్మాయిని ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. ఆమె అందమైనదే. కాని ఆమె ఒక్కతే. సీత అయినా, గోపిక అయినా, కథలోని గుమాస్తా కూతురైనా అదే ముఖం, అదే నడుం. అక్కడ గీత చూడటం మానేసి తనకు తెలిసినదాన్నే మళ్లీ రాసుకుంటోంది. ఒంటిని చూసి గీసే సాధన కార్టూన్లలో జరిగింది. జనం పూజించింది మాత్రం ఆ సాధన ఆగిపోయిన బొమ్మను.

దీని ఫలితం కళకే పరిమితం కాదు. మా బంధువుల్లో ఒక సంబంధం మాట్లాడుతున్నప్పుడు మధ్యవర్తి కాఫీ తాగుతూ, "వాళ్లకు బాపు బొమ్మలాంటి పిల్ల కావాలటండీ" అన్నాడు. పిల్ల పొట్టి, ఒళ్లు కాస్త భారీ. బ్యాంకులో ఉద్యోగం చేస్తోంది. నేను పెదనాన్న వరస. పిల్ల తండ్రి నేల చూపులు చూస్తున్నాడు. అమ్మాయి వంటింటి గుమ్మంలోంచి, "పెదనాన్నా, నేనూ బాపు బొమ్మనే, కార్టూన్లలో బొమ్మని. కావాలంటే పుస్తకం తెచ్చి చూపిస్తానని చెప్పండి" అంది. మధ్యవర్తి నవ్వేశాడు. తండ్రి నవ్వలేదు. ఇన్నేళ్లలో బాపు మీద నేను విన్న విమర్శల్లో ఇంత సూటి అయినది మరొకటి లేదు.

ఆ అమ్మాయి అన్నది అక్షరాలా నిజం. బాపు కార్టూన్లలో లావుపాటి పిన్నిగార్లున్నారు, పళ్లూడిన బామ్మలున్నారు, ఎముకలు లెక్కపెట్టదగిన మొగుళ్లున్నారు. లావు పెళ్లాం, బక్క మొగుడు, అప్పడాల కర్ర అన్న హాస్యం ఈనాటికి మొహం మొత్తినదే, దాన్ని నేను వెనకేసుకు రాను. అయినా ఆ లావుపాటి ఆవిడ పీట మీద కూర్చున్నప్పుడు బరువు పీట మీద పడిన తీరులో, మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచే తీరులో అబద్ధం లేదు. చూసిన మనిషి ఆమె. వెక్కిరించినా చూశారు. బాపు బొమ్మను మెచ్చుకున్నారు గాని చూడలేదు.

ఇంకొక పరిమితి కూడా చెప్పాలి. ఆయన కార్టూన్లలోని ఒళ్లు చాలావరకు మధ్యతరగతి ఇళ్లవి, ఆఫీసులవి, పెళ్లిళ్లవి. నాగలి పట్టిన చెయ్యి, మూట మోసిన మెడ అక్కడ అరుదు. మెరీనాలో రాయ్‌చౌధురి కూలీలు ఎదురుగా ఉండగా వాళ్లు కార్టూన్లలోకి పెద్దగా రాకపోవడం ఆయన ఒక్కరి లోపం కాదు, ఆనాటి వారపత్రికల లోకమే అంత. కాని తెలుగుదనానికి పూర్తి చిత్రమని వాటిని మనం పిలుస్తున్నంత కాలం ఈ ఖాళీని గుర్తుంచుకోవాలి.

"అచ్చ తెలుగు" అన్న మాట సంగతి తేల్చవలసి ఉంది. ఆంధ్రపత్రికను కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో పెట్టింది బొంబాయిలో. 1914లో మద్రాసుకు తెచ్చారు. ఆ పత్రికలో బొమ్మలు వేసిన బాపు మైలాపూరులో చదువుకున్నవారు, తంజావూరు చిత్రకారుణ్ణి గురువన్నవారు. 2013లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు జాబితాలో పేరు పక్కన ఉన్నది తమిళనాడు. అప్పుడు కొందరు నొచ్చుకున్నారు. నాకు అందులో నొచ్చుకోవలసినది కనిపించలేదు. తెలుగువారు తమ అచ్చమైన రూపమని చూసుకుంటున్న గీత తెలుగుదేశం వెలుపల, పక్క భాష పత్రికను చూసి, పక్క భాష మనుషుల మధ్య తయారైంది. సరిహద్దు ఇవతల ఉన్నవాళ్లం మూలం నుంచి తెగిపోయిన కొమ్మలమన్న మాట మనం ఎన్నో సభల్లో విన్నాం, మనమూ అన్నాం. బాపు పని చూశాక ఆ మాట మళ్లీ అనే ముందు ఆలోచించుకోవాలి. ఇక్కడ ఉండటం వల్ల ఆయనకు రెండు రకాల చూపు దొరికింది: ఇంట్లో మనిషినీ చూశారు, వీధిలో మనిషినీ చూశారు.

చివరగా, మన పత్రికకు బొమ్మలు పంపుతున్న కుర్రవాళ్లకూ అమ్మాయిలకూ ఒక మాట. మీరు పంపినవాటిలో సగం బాపు గీతకు నకళ్లు. వాలుజడ అదే, కంటికొస అదే, సంతకం తిప్పిన తీరు కూడా అదే. ఆ గీత మీద కాగితం పెట్టి దిద్దితే మీ చేతికి వచ్చేది ఆయన మణికట్టు అలవాటు మాత్రమే, ఆయన చూపు కాదు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు తీసుకొని హోసూరు బస్టాండులోనో, బరంపురం సంతలోనో, షోలాపూరు మిల్లు గేటు దగ్గరో, యానాం రేవులోనో గంటసేపు కూర్చోండి. మూట దించుకునేవాణ్ణి, పిల్లను చంక మార్చుకునే తల్లిని, నిలబడి నిద్రపోయే ముసలాయనను గీయండి. ముఖాలు వదిలేయండి, కాళ్లు గీయండి. మొదటి వంద బొమ్మలు చింపేయవలసి వస్తుంది. నూట ఒకటోది ఈ పత్రికకు పంపండి.